నిమిష ప్రియ కేసు: ఒక్కో దారీ ఎలా మూసుకుపోయింది?

యెమెన్ రాజధాని సనాలో 2025 జులై 16న కేరళ నర్సు నిమిష ప్రియకు మరణశిక్ష అమలు కావాల్సి ఉంది. సరిగ్గా ఒక్కరోజు ముందు అది వాయిదా పడింది. శిక్ష మాత్రం రద్దు కాలేదు. ఆమెను క్షమించాలా వద్దా అన్నది ఇప్పుడు ప్రధానంగా హతుడి కుటుంబం చేతిలోనే ఉంది. ఒక భారతీయురాలి ప్రాణం విషయంలో భారత ప్రభుత్వం ఇంత నిస్సహాయంగా ఎందుకు నిలబడిపోయింది? దీనికి జవాబు కోర్టు తీర్పులో కన్నా, అంతకుముందు జరిగిన పరిణామాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

కొల్లెంగోడ్ నుంచి సనాకు

నిమిషది పాలక్కాడ్ జిల్లా కొల్లెంగోడ్. పేద కుటుంబం. తల్లి ఇళ్లలో పనిచేసేది. నర్సింగ్ చదివిన నిమిష 2008లో యెమెన్ వెళ్లి సనాలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చేరింది. 2011లో కేరళలో పెళ్లి చేసుకుని భర్తతో కలిసి తిరిగి వెళ్లింది. మరుసటి ఏడాది కూతురు పుట్టింది. వచ్చే ఆదాయంతో అక్కడ సంసారం గడవక 2014లో భర్త, కూతురు కేరళకు వచ్చేశారు. అదే ఏడాది సనా హౌతీ తిరుగుబాటుదారుల వశమైంది. అంతర్యుద్ధం ముదరడంతో వీసాలు ఆగిపోయాయి. వాళ్లిద్దరూ మళ్లీ యెమెన్ వెళ్లలేకపోయారు.

నిమిష సొంత క్లినిక్ పెట్టాలనుకుంది. అందుకు స్థానిక పౌరుడు భాగస్వామిగా ఉండాలి. అలా పరిచయమైన వ్యక్తే తలాల్ అబ్దో మహదీ. అప్పులు తెచ్చి 2015లో క్లినిక్ ప్రారంభించారు. ఆ వసంతంలోనే సౌదీ కూటమి వైమానిక దాడులు మొదలయ్యాయి. 'ఆపరేషన్ రాహత్' పేరుతో భారత్ 4,600 మందికి పైగా తన పౌరులను యెమెన్ నుంచి తరలించింది. నిమిష రాలేదు. అప్పు చేసిన సొమ్మంతా ఆ క్లినిక్‌లోనే ఉంది. వలస వెళ్లినవాళ్లకు ప్రమాదం కనిపించక కాదు, వట్టి చేతులతో తిరిగి రాలేకే ఆగిపోతారు.

రెండు కథనాలు

తర్వాత జరిగినదానిపై రెండు వాదనలున్నాయి. పెళ్లయినట్టు మహదీ నకిలీ పత్రాలు సృష్టించాడని, పాస్‌పోర్టు లాక్కున్నాడని, హింసించాడని నిమిష తరఫువారు చెబుతారు. పాస్‌పోర్టు తిరిగి తీసుకోవడానికి మత్తుమందు ఇస్తే అది ఎక్కువై అతను చనిపోయాడన్నది వారి వాదన. ఈ ఆరోపణలను మహదీ కుటుంబం పూర్తిగా తోసిపుచ్చింది. 2017లో అతని శరీర భాగాలు నీళ్ల ట్యాంకులో దొరికాయి. నిమిషను అరెస్టు చేశారు. 2020లో సనా కోర్టు ఆమెకు మరణశిక్ష విధించింది. 2023 నవంబరులో హౌతీల సుప్రీం జ్యుడీషియల్ కౌన్సిల్ అప్పీలును తిరస్కరించింది.

ఢిల్లీ ఎందుకు ఏమీ చేయలేకపోతోంది?

సనాలోని భారత రాయబార కార్యాలయాన్ని 2015లోనే మూసేసి దేశం బయటికి తరలించారు. భారత్ గుర్తించిన యెమెన్ ప్రభుత్వానికి సనాపై అధికారం లేదు. సనాను ఏలుతున్న హౌతీలతో భారత్‌కు దౌత్య సంబంధాలు లేవు. ఆమెను ఉంచిన జైలు హౌతీల చేతిలో ఉంది. భారతీయులు యెమెన్ వెళ్లడంపై 2017 నుంచి ఆంక్షలున్నాయి. అందుకే కన్నతల్లి సైతం ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించి, 2024లో గానీ కూతురిని చూడలేకపోయింది. ప్రభుత్వం చేయగలిగింది పెద్దగా ఏమీ లేదని అటార్నీ జనరల్ ఆర్. వెంకటరమణి 2025 జులైలో సుప్రీంకోర్టుకే చెప్పారు.

మిగిలిన దారి షరియాలోని ఖిసాస్ నియమమే. దాని ప్రకారం హతుడి వారసులు శిక్ష కోరవచ్చు, ఊరికే క్షమించవచ్చు, లేదా దియా అనే పరిహారం తీసుకుని క్షమించవచ్చు. మన మీడియాలో 'బ్లడ్ మనీ' అంటున్నది ఈ దియానే. కేరళ మతగురువు కాంతపురం ఎ.పి. అబూబకర్ ముస్లియార్ యెమెన్ సూఫీ పండితుల ద్వారా చర్చలు జరిపించారు. శిక్ష వాయిదా పడటానికి ఆ ప్రయత్నాలూ తోడ్పడ్డాయని చెబుతున్నారు. అయితే పరిహారం వద్దు, ఖిసాసే కావాలని మహదీ సోదరుడు బహిరంగంగా ప్రకటించాడు. దోషిని బాధితురాలిగా చూపిస్తున్నారని భారత మీడియాపై ఆగ్రహం వ్యక్తం చేశాడు. ఇక్కడే మనవాళ్లు గ్రహించాల్సింది ఒకటుంది. దియా ప్రాణానికి కట్టే ధర కాదు. ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లను మన్నించమని అడగడం. హతుడిని టీవీ చర్చల్లో దుర్మార్గుడిగా చిత్రిస్తూ, అతని కుటుంబాన్ని దయ చూపమంటే ఫలితం ఉండదు.

ఈ బాధ తెలుగువాళ్లకు కొత్త కాదు. నేపాల్ కాపలాదారు హత్య కేసులో దుబాయ్‌లో జైలుపాలైన సిరిసిల్ల ప్రాంత కార్మికుల కోసం 2011లోనే హతుడి కుటుంబానికి రూ.15 లక్షలు అందజేశారు. అయినా వాళ్లు సుమారు 18 ఏళ్ల జైలు జీవితం తర్వాత, 2024 ఫిబ్రవరిలో గానీ ఇల్లు చేరలేదు. కుటుంబం క్షమించినా చెర నుంచి బయటపడటం అంత తేలిక కాదనడానికి ఇదే ఉదాహరణ.

విదేశాల్లో 49 మంది భారతీయులు మరణశిక్ష ఎదుర్కొంటున్నారని, వారిలో 25 మంది యూఏఈలోనే ఉన్నారని కేంద్రం 2025 మార్చిలో పార్లమెంటుకు తెలిపింది. వీరిలో ఎక్కువ మంది పేర్లు మనకు తెలియవు. నిమిష సంగతి దేశమంతా తెలియడానికి ఏళ్లు పట్టింది. అరెస్టయిన రోజునే మంచి న్యాయవాది, భాష తెలిసిన అనువాదకుడు దొరికితే చాలా కేసులు ఉరికంబం దాకా వెళ్లకపోవచ్చు. క్షమాభిక్ష కోసం విరాళాలు పోగుచేయడం కన్నా ముందు జరగాల్సిన పని అదే.