ఆకు పసుపైతే తెగులు కాదు: మా ఇంటి ముందు గోల్డెన్ డ్యురాంటా కంచె

పోయిన నెల జీవామృతం వీడియోలో నా వెనకాల పసుపు రంగు కంచె కనపడింది కదా, చాలామంది దాని గురించే అడిగారు. "ఆ చెట్లకి ఏం తెగులండీ, అంతా పసుపెక్కిపోయాయి?" అని ఒకాయన నిజంగానే బాధపడ్డారు. ఆయన తప్పేం లేదు. మినుములో, పెసరలో పల్లాకు తెగులు చూసిన కంటికి పసుపాకు కనపడితే గుండె జారుతుంది. మా నాన్నకీ అదే జరిగింది.

దాని పేరు గోల్డెన్ డ్యురాంటా. కడియపులంక నర్సరీ నుంచి చిన్న కవర్లలో తెచ్చాను. డల్లాస్ దగ్గర ఉన్న మా చెల్లెలు వీడియో కాల్‌లో చూసి "అన్నయ్యా, ఇది మా ఇంటి ముందు కూడా ఉంది" అంది. వాళ్లది సన్‌షైన్ లిగస్ట్రమ్, అంటే బంగారు ఆకుల ప్రివెట్. చూడటానికి రెండూ ఒకటే, కానీ చుట్టరికం లేదు. ప్రివెట్ మన మల్లె కుటుంబం, డ్యురాంటా లాంటానా కుటుంబం. ఈ లాంటానా మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మాది ఎర్ర చెల్క నేల. జులైలో వాన పడ్డాక అడుగు లోతు కాలువ తీసి, పశువుల ఎరువు కలిపి, అడుగుకి ఒక మొక్క చొప్పున పెట్టాను. నీళ్లు నిలిచే చోట మాత్రం పెట్టొద్దు, వేరు కుళ్లుతుంది. రెండు నెలల్లో బాగానే అందుకుంది.

అప్పుడు నాన్న రంగంలోకి దిగారు. "ఒరే, ఆకంతా పాలిపోయింది, బలం లేదు" అని డ్రమ్ములో మిగిలిన జీవామృతం వారం వారం దీనికే పోశారు. కొమ్మలు జానెడు జానెడు సాగాయి, బంగారం కాస్తా ఆకుపచ్చ అయింది. ఆయనకి సంతోషం, నాకు ఏడుపు. పైగా మామిడి చెట్టు కింద ఉన్న పదిహేను మొక్కలు మొదటి నుంచీ పచ్చగానే ఉన్నాయి. నేను కూడా ఇనుము, నత్రజని అని డిప్లొమా పుస్తకంలో వెతుక్కున్నా గానీ, అసలు సంగతి ఎండ. ఈ మొక్కకి లేత ఆకులోనే బంగారం ఉంటుంది, అదీ నేరుగా ఎండ తగిలితేనే. నీడలో ఉంటే పత్రహరితం పెరిగి మామూలు ఆకైపోతుంది. కనీసం ఐదారు గంటల ఎండ లేని చోట ఈ మొక్క కొనడం డబ్బు దండగ.

ఇప్పుడు జీవామృతం నెలన్నరకి ఒకసారి, ఒకటికి పది నీళ్లు కలిపి పోస్తున్నాం. మొదట్లో వరిగడ్డి ఆచ్ఛాదన వేస్తాం. తెల్లదోమ కనపడితే నీమాస్త్రం. అంతకన్నా సేవ అడగదు.

అసలు పని కత్తెరది. కోస్తేనే లేత చిగురు, చిగురుంటేనే రంగు. వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి, మిగతా రోజుల్లో ఇంకొంచెం ఆలస్యంగా కోస్తాను. అడుగు భాగం వెడల్పుగా, పైభాగం కాస్త సన్నగా ఉండాలి. పైన గొడుగులా వదిలేస్తే కింద ఎండ తగలక కాళ్లు బోడిగా కనపడతాయి. మధ్యలో పూర్తి పచ్చ ఆకులతో బలంగా ఒక కొమ్మ లేస్తే దాన్ని మొదలు దాకా తీసేయండి, లేకపోతే అదే మిగతావాటిని మింగేస్తుంది. మే నెల ఎండలో మాత్రం గట్టిగా కోయొద్దు. నేను కోశాను, లేత ఆకుల అంచులు మాడిపోయాయి. కోసే పద్ధతి పైన వీడియోలో చూపించాను. కోసిన వాటిలో నాలుగైదు అంగుళాల కొమ్మలు ఏరి, కింది ఆకులు తీసి, షేడ్‌నెట్ కింద గుచ్చితే నాలుగు వారాలకి వేర్లొస్తాయి. రెండోసారి మొక్కలు కొనక్కర్లేదు.

ఇక నేను చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి. పోయిన కార్తీకంలో కోసిన కొమ్మలు గంపకెత్తి, పచ్చి మేతే కదా అని కుర్రాడు కొట్టం పక్కన పోశాడు. నేను చూశాను, ఏమీ అనలేదు. ఒక మూల కోయకుండా వదిలిన మొక్కకి ఊదా పూలు పూసి, నారింజ రంగు కాయలు గుత్తులుగా వచ్చాయి. ఆ గుత్తులూ ఆ గంపలోనే ఉన్నాయి. తెల్లారేసరికి మా ఐదు నెలల దూడ నోట్లోంచి సొంగ కారుతూ, తల వేలాడేసి, తల్లి దగ్గరకి కూడా పోవట్లేదు. పశువుల డాక్టరు గారు వచ్చి గంప చూసి, "మీరు లాంటానా వేస్తారా దూడకి? మరి ఇదెలా వేశారు?" అన్నారు. డ్యురాంటా ఆకులో, కాయలో విషముంది. కాయలు పిల్లలు తిన్నా ప్రమాదమే. మూడు రోజులు సెలైన్లు, ఇంజెక్షన్లు. నాలుగో రోజు పాలు తాగింది. ఆ మూడు రాత్రులూ నాన్న కొట్టంలోనే పడుకున్నారు, నాతో మాట్లాడలేదు.

మా పాపకి అప్పుడు మూడేళ్లు. ఆ కాయలు ఏరుకుని గిన్నెలో వేసుకుని ఆడుకునేది. దూడ సంగతి జరిగిన రోజే ఆ మూల మొక్క వేళ్లతో తీసేశాను. సీతాకోకచిలుకలు వచ్చేవి, నిజమే, వాటికి వేరే పూలు పెట్టాను. మిగతా కంచెని పూత రాకుండా కోస్తూనే ఉంటాం. కోసిన ఆకు లెక్కపెట్టినట్టు గోనె పట్టాలో పడాలి, పట్టా నేరుగా గేటు బయట కంపోస్టు గుంతకి పోవాలి.

నర్సరీలో కూడా పద్ధతి మార్చాను. గోల్డెన్ డ్యురాంటా అడిగిన వాళ్లని ముందు రెండు ప్రశ్నలు అడుగుతా: ఎండ ఉందా, ఇంట్లో మేకలో దూడలో విడిగా తిరుగుతాయా? తిరుగుతాయి అంటే అమ్మను, మందారం ఇస్తాను. మేకలున్న ఇంట్లో మందారం కంచె ఎన్నాళ్లు మిగులుతుందనేది వేరే సంగతి. కనీసం మేకలైతే బతుకుతాయి.