శరీరములో దిగబడిన ఇనుపకడ్డీ

చెన్నై నుండి కోల్‌కతా పోవు 16వ నంబరు జాతీయ రహదారియు, పూణే నుండి మచిలీపట్నము వచ్చు 65వ నంబరు రహదారియు విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద కలియుచున్నవి. 2020లో పైవంతెన వచ్చిన పిమ్మట రద్దీ కొంత పైకి పోయినను, క్రింది కూడలిలో లారీలు, ఆటోలు, స్కూటర్లు ఒకదాని వెనుక నొకటి ఆనుకొనియే నడచుచుండును. ఇట్టి చోట ఇనుపకడ్డీల లారీ చటుక్కున ఆగినచో వెనుక వచ్చు స్కూటరు మనిషి గతి యేమి? కడ్డీలు వెనుకకు పొడుచుకొని వచ్చునట్లు రవాణా చేయుటను 2014లోనే నిషేధించిరి.

సెకనుకు 10 మీటర్ల వేగముతో, అనగా గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు 70 కిలోల మనిషికి గల గతిజశక్తి 3,500 జౌలులు. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును. గోడకు కొట్టుకొన్నప్పుడు ఈ తాకిడి శరీరములో చాల భాగముపై పంచుకొనబడును. 12 మిల్లీమీటర్ల కడ్డీ కొన వైశాల్యమో, ఒక చదరపు సెంటీమీటరుకు కొంచెము మాత్రమే ఎక్కువ. బలమును వైశాల్యముతో భాగించినదే గదా పీడనము! అందుచే కడ్డీ చర్మమును, కండరమును చీల్చుకొని పోవును. పల్లెలలో ఎద్దు కొమ్ముతో పొడిచినను, తాటిచెట్టు మీదినుండి జారి కంచెగుంజపై పడినను ఇట్టి గాయమే కలుగును.

చూచువారికి మొదట తోచునది కడ్డీని లాగివేయుట. అదియే ప్రాణము తీయవచ్చును. కడ్డీ ధమనిని తెంచినను, సీసాకు బిరడా వలె ఆ రంధ్రమును తానే మూసియుంచవచ్చును. పెద్దవారి శరీరములో రక్తము సుమారు 5 లీటర్లు. ఒకటిన్నర లీటరు పోవుసరికి నాడి వేగమై, రక్తపుపోటు పడిపోయి, ఒళ్లు చల్లబడును. కావున కడ్డీ చుట్టును గుడ్డలు ఒత్తుగా పేర్చి, అది కదలకుండ కట్టి, 2005 నుండి పనిచేయుచున్న 108 వాహనమును పిలువవలెను. కడ్డీ మరీ పొడవైనచో అగ్నిమాపక సిబ్బంది బయటి భాగమును కోయుదురు. కోయునప్పుడు కడ్డీ వేడెక్కును, అదురును. అందుచే అది నేర్పరులు చేయవలసిన పని.

ఆసుపత్రిలో మొదట శ్వాస సంగతి చూచెదరు. సెలైను మితిమీరి ఎక్కించినచో రక్తము పలుచబడి గడ్డకట్టు గుణము తగ్గును. అందుచే రక్తమునే ఎక్కింప జూతురు. ధనుర్వాతము రాకుండ సూదిమందు ఇత్తురు. రొమ్ములో గాయమైనచో ఊపిరితిత్తి చుట్టును గాలి చేరి, అది ముడుచుకొనిపోవును. అప్పుడు ప్రక్కటెముకల నడుమ నుండి ఒక గొట్టమును లోనికి దింపి, దాని రెండవ కొనను సీసాలోని నీటిలో ముంచి, సీసాను రోగికంటె క్రిందుగా ఉంచెదరు. లోని గాలి బుడగలై వెలుపలికి పోవునే గాని, నీరు అడ్డుగా నుండుటచే తిరిగి పోజాలదు. ప్రయోగశాలలో గొట్టము కొనను నీటిలో ముంచి చూచిన విద్యార్థికి ఈ ఏర్పాటు క్రొత్త గాదు.

కడ్డీని తీయుట శస్త్రచికిత్సశాలలోనే. వైద్యుడు గాయమును విప్పి, రక్తనాళమును గాయమునకు ఎగువను దిగువను బిగించి, కంటితో చూచుచు కడ్డీని మెల్లగా వెలికి తీయును. పిదప నాళమును కుట్టును. ప్రేగు తెగినచో దానిని బాగుచేసి, కడుపును కడుగును. గుండె గాయమును సైతము కుట్టవచ్చునని 1896లో ఫ్రాంక్‌ఫర్టునందు లుడ్విగ్ రేన్ చేసి చూపెను. కత్తిపోటు తిన్న ఆ రోగి బ్రతికెను.

తరువాతి దినములలో సీసాలో బుడగలు ఆగి, ఊపిరితిత్తి మరల విచ్చుకొన్నట్లు ఎక్స్‌రేలో కనబడినచో గొట్టమును తీసివేయుదురు.