గుమ్మం తెరిచున్నా... గల్లాకు తాళం!

బళ్లారి: పొద్దున పదయ్యేసరికి షట్టరు లేస్తుంది. దేవుడి పటానికి అగరుబత్తి, ఆ వెంటనే కంప్యూటర్‌ స్విచ్చి. జీన్స్‌ కుట్టే యూనిట్లకు, మిర్చి, పత్తి వ్యాపారులకు పన్నుల లెక్కలు చూసే ఓ తెలుగు పెద్దాయన దినచర్య ఇది. ఆయన కుర్చీ పక్కన ఒకప్పుడు ఎర్ర అట్ట నోటుపుస్తకం ఉండేది. ఏ దుకాణం జీఎస్టీ పాస్‌వర్డు ఏదో, ఎవరి పీఎఫ్‌ ఖాతాకు ఏదో అన్నీ అందులోనే.

ఓసారి సరిగ్గా రిటర్నుల గడువు ముందురోజు ఆ పుస్తకం కనబడలేదు. ఒక్కో వ్యాపారికీ ఫోన్‌ చేసి, ఓటీపీ అడిగి, పాస్‌వర్డులు మార్చుకుంటూ అర్ధరాత్రి దాకా కూర్చున్నారు. మూడోరోజు తూకానికి కట్టిన పాత పేపర్ల మధ్య పుస్తకం దొరికింది. దొరికింది సరే, ఈలోపు ఎవరి కంట పడిందో? ఆ బెంగ మాత్రం పోలేదు.

బెంగళూరులో ఉద్యోగం చేసే అల్లుడు పండక్కి వచ్చినప్పుడు విషయం విని, కంప్యూటర్‌లో 'కీపాస్‌ఎక్స్‌సీ' అనే పాస్‌వర్డ్‌ మేనేజర్‌ పెట్టి వెళ్లాడు. పుస్తకం బాధ తీరింది. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

రెండు రాష్ట్రాలు... ఇన్ని తాళాలు

సరిహద్దులో బతికేవాళ్లకు ఈ తాళాల గోల మరింత ఎక్కువ. ఆలూరు, రాయదుర్గం వైపు పొలం ఉంటే ఆంధ్ర 'మీభూమి' చూడాలి. ఇటు పహణీ కావాలంటే కర్ణాటక 'భూమి'. ధ్రువపత్రాలకు 'సేవాసింధు'. పైన బ్యాంకు, రైలు టికెట్‌, ఆదాయపు పన్ను, కరెంటు బిల్లు. హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఇంతే.

ఇన్ని గుర్తుండవని చాలామంది అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టేస్తారు. పిల్లాడి పేరు, పక్కన పుట్టిన సంవత్సరం! ఒకచోట బయటపడితే మిగతా తలుపులన్నీ తెరుచుకున్నట్టే. పాస్‌వర్డ్‌ మేనేజర్‌ పని ఇక్కడే. ప్రతి ఖాతాకూ వేర్వేరుగా, ఊహకందని పాస్‌వర్డు తయారుచేసి తనలో దాచుకుంటుంది. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క మాస్టర్‌ పాస్‌వర్డే.

జర్మనీకి చెందిన డొమినిక్‌ రైకిల్‌ 2003లో 'కీపాస్‌' మొదలుపెట్టారు. ఆ కోవలోదే కీపాస్‌ఎక్స్‌సీ. విండోస్‌, మ్యాక్‌, లినక్స్‌ మూడింటిలోనూ ఉచితం. దాచినవన్నీ గట్టి సంకేత భాషలోకి మారి ఒకే ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు మన కంప్యూటర్‌లోనే ఉంటుంది.

మూసేస్తే పని సాగదు

పెద్దాయనకు మొదట్లో ఓ చిక్కు వచ్చింది. పని అవగానే పైనున్న ఇంటూ గుర్తు నొక్కేవారు. ప్రోగ్రామే మూతపడేది. తర్వాత బ్రౌజర్‌లో జీఎస్టీ సైటు తెరిస్తే గళ్లు ఖాళీగా వెక్కిరించేవి. కారణం ఉంది. బ్రౌజర్‌లో పెట్టుకున్న చిన్న ఎక్స్‌టెన్షన్‌ సొంతంగా ఏమీ దాచుకోదు. వెనకాల నడుస్తున్న ప్రోగ్రామును అడిగి తెచ్చుకుంటుంది. అడిగేందుకు అక్కడ ఎవరూ లేకపోతే అది మాత్రం ఏం తెస్తుంది?

దీనికి సెట్టింగ్స్‌లో మూడు మార్పులు చాలు. కంప్యూటర్‌ ఆన్‌ కాగానే ప్రోగ్రాము దానంతటదే మొదలయ్యేలా ఒకటి. గడియారం పక్కన చిన్న గుర్తు కనిపించేలా ఇంకొకటి. ఇంటూ నొక్కితే మూతపడకుండా ఆ గుర్తులోకి తగ్గిపోయేలా మరొకటి. పాత కంప్యూటర్‌కైనా ఇది పెద్ద భారం కాదు.

వెనకాల నడుస్తుంటే ఇంకో లాభమూ ఉంది. ఎక్స్‌టెన్షన్‌ సైటు చిరునామా సరిచూసుకున్నాకే పాస్‌వర్డు అందిస్తుంది. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చిన దొంగ సైటుకు మన కన్ను మోసపోవచ్చు, అది మోసపోదు. ఎప్పుడూ నిండే గడి ఓ రోజు నిండకపోతే విసుక్కోకుండా చిరునామా మళ్లీ చూడండి.

టీకి వెళ్లొచ్చేసరికి...

పెద్దాయన సంబరపడ్డారు. పొద్దున మాస్టర్‌ పాస్‌వర్డు కొడితే సాయంత్రం దాకా తెరిచే ఉండేది. ఓరోజు టీ తాగి వచ్చేసరికి బల్ల ముందు కూర్చున్న ఓ వ్యాపారి తెర వంకే చూస్తున్నాడు. ఖాతాదారుల పేర్లు వరుసగా ఉన్నాయి. అందులో ఆయన దుకాణమూ ఉంది, ఎదురింటి పోటీ దుకాణమూ ఉంది. 'ఏం సార్‌, మాదంతా ఇట్లా బయటే పెడ్తారా?' అన్నాడట ఆ వ్యాపారి. ఏమీ పోలేదు. కానీ ఇన్నేళ్ల నమ్మకం ఆ ఒక్క మాటతో కదిలింది.

ఆ రాత్రి ఫోన్‌లో అల్లుడు చెప్పిన మాట: 'మామయ్యా, దుకాణం తెరిచి ఉండటం వేరు, గల్లాపెట్టె తెరిచి ఉండటం వేరు.'

ప్రోగ్రాము రోజంతా నడవొచ్చు. లోపలి పెట్టెకు మాత్రం తాళం పడుతుండాలి. కొన్ని నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తాళం పడేలా సమయం పెట్టుకోవచ్చు. విండోస్‌ మీట, ఎల్‌ కలిపి నొక్కి తెర మూసినా, ల్యాప్‌టాప్‌ మూత దించినా తాళం పడే వీలుంది. ప్రోగ్రాములో ఉండగా కంట్రోల్‌, ఎల్‌ నొక్కితే అప్పటికప్పుడే పడుతుంది. కాపీ చేసిన పాస్‌వర్డు మామూలుగా పది సెకన్లలో చెరిగిపోతుంది. అయితే కిటికీ తగ్గించగానే తాళం వేయమనే అవకాశం ఎంచుకుంటే బ్రౌజర్‌కు ఏమీ అందదు. వెనకాల వాడుకునేవాళ్లు దాన్ని వదిలేయడమే మేలు.

ఇవి మరవొద్దు

* మాస్టర్‌ పాస్‌వర్డుకు పొంతనలేని ఐదారు మాటలు చాలు. తెలుగు, కన్నడ, తమిళం, ఒడియా కలిసిన ఇళ్లలో మాటలకు కరువా! ఇంగ్లిష్‌ అక్షరాల్లో రాసుకోండి. సామెతలు, పాటల పల్లవులు వద్దు.

* సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పంటోందా? కీబోర్డు తెలుగులోనో, కన్నడలోనో ఉండిపోయిందేమో చూడండి. చుక్కల వెనక అక్షరం కనబడదు.

* ఫైలు నకలు పెన్‌డ్రైవ్‌లో వేసి వేరేచోట దాచండి. డిస్కు చెడిపోతే అదే దిక్కు.

* ప్రోగ్రామునూ, కంప్యూటర్‌నూ ఎప్పటికప్పుడు అప్‌డేట్‌ చేయండి. పాత కీపాస్‌లో మాస్టర్‌ పాస్‌వర్డు జాడలు కంప్యూటర్‌ మెమరీలో మిగిలిపోయే లోపాన్ని 2023లో 2.54 వెర్షన్‌తో సరిదిద్దారు. కంప్యూటర్‌లో వైరస్‌ చేరితే, తెరిచి ఉన్న పెట్టెను ఏ ప్రోగ్రామూ కాపాడలేదు.

బీరువాలో కవరు

మాస్టర్‌ పాస్‌వర్డు మరిచిపోతే తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. తయారుచేసినవాళ్ల దగ్గరా ఉండదు. దాని బలమూ అదే, భయమూ అదే. ఇంటి పెద్దకు ఏమైనా అయితే బ్యాంకు కాగితాలు, భూమి లెక్కలు అన్నీ ఆ పెట్టెలోనే ఉండిపోతాయి.

అందుకే పెద్దాయన ఓ కాగితం మీద మాస్టర్‌ పాస్‌వర్డు రాసి, కవరులో పెట్టి, లక్క వేసి, పొలం పట్టాల పక్కన బీరువాలో ఉంచారు. భార్యకు చూపించారు. 'నాకు కంప్యూటర్‌ రాదు కదా' అందావిడ. 'నీకు రానక్కర్లేదు, ఆ కవరు అల్లుడి చేతికివ్వు చాలు' అన్నారాయన.

ఇప్పుడు ఆఫీసులో టీ వేళ అవగానే ఆయన చెయ్యి మీటల మీదికి వెళ్తుంది. తెర నల్లబడ్డాకే కుర్చీ కదులుతుంది. షట్టరు మాత్రం తెరిచే ఉంటుంది.