వేగధారణం: మలవిసర్జన అలవాట్లు – జీర్ణారోగ్యం

కీలకపదాలు: వేగధారణం, సభ్యోక్తి, మలబద్ధకం, పురీషనాళం, మొలలు.

మలవిసర్జనను నేరుగా పేర్కొనడానికి తెలుగువారు సంకోచిస్తారు. 'బహిర్భూమికి వెళ్ళడం', 'దొడ్డికి వెళ్ళడం', 'చెంబు పట్టుకుని వెళ్ళడం', బడిపిల్లల 'ఒంటికి', 'రెంటికి' – ఇవన్నీ సభ్యోక్తులే. వీటిలో కొన్ని స్థలాన్ని, కొన్ని వస్తువును, కొన్ని సంఖ్యను ఆశ్రయించాయి. 'కాలకృత్యం' ఒక్కటే కాలాన్ని ఆశ్రయించింది. దంతధావనం, స్నానం కూడా దాని పరిధిలోకి వస్తాయన్నది నిజమే గాని, జీర్ణవ్యవస్థ దృష్ట్యా కీలకమైన అంశాన్ని పట్టుకున్న మాట అదే.

చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం ఆపకూడని 13 సహజవేగాలను పేర్కొంటుంది. మూత్ర, పురీషాలు వాటిలో మొదట ఉంటాయి. పురీషవేగాన్ని ఆపితే పక్వాశయంలో నొప్పి, తలనొప్పి, మలవాతాలు వెలువడకపోవడం, పిక్కలు పట్టేయడం, కడుపుబ్బరం కలుగుతాయని అక్కడ చెప్పారు. ఆపుకోవలసిన వేగాలు కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నాయి: లోభం, శోకం, భయం, క్రోధం మొదలైనవి. ఆచరణలో మనం ఈ రెండు పట్టికలనూ తారుమారు చేసుకున్నామేమో! వేగం లేనప్పుడు దాన్ని బలవంతంగా పుట్టించడమూ రోగకారణమేనని అష్టాంగహృదయం హెచ్చరించింది. ప్రాచీనులు చెప్పారు గనుక అంతా సత్యమే అనడం పరిశోధన అనిపించుకోదు. తలనొప్పి, పిక్కల సంగతి అలా ఉంచితే, కడుపుకు సంబంధించిన లక్షణాలు మాత్రం ఆధునిక శరీరధర్మశాస్త్రంతో పొసగుతున్నాయి.

నిద్ర లేచిన తరువాత, ఆహారం జీర్ణాశయంలో చేరిన తరువాత పెద్దప్రేగు కదలికలు పెరుగుతాయి. ఉదయపు ఫలాహారం తరువాతి సమయం విసర్జనకు అనుకూలం కావడానికి కారణం ఇదే. మలం చేరి పురీషనాళపు గోడలు సాగినప్పుడు వేగం పుడుతుంది. దాన్ని ఆపుకుంటే కొంతసేపటికి అణగిపోతుంది. లోపల నిలిచిన మలంలోని నీరు ఇంకిపోయి అది గట్టిపడుతుంది. ఇది నిత్యకృత్యమైతే పురీషనాళం సాగుదలకు అలవాటుపడి, వేగమే మందగిస్తుంది. గట్టిపడిన మలం కోసం ముక్కవలసి రావడం మొలలకు, ఆసనంలో చీలికలకు దారి తీస్తుంది.

కూర్చునే భంగిమ కూడా గమనించదగినది. ఒక కండరం పురీషనాళాన్ని వెనుకనుంచి ఉచ్చులా పట్టి వంపు తిప్పి ఉంచుతుంది. గొంతుకు కూర్చున్నప్పుడు ఆ వంపు సరళమవుతుంది. 2003లో సికిరోవ్ ప్రచురించిన అధ్యయనంలో 28 మంది ఆరోగ్యవంతులకు గొంతుకు కూర్చున్నప్పుడు సగటున 51 సెకన్లు, సాధారణ కమోడ్ మీద 130 సెకన్లు పట్టింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు కమోడ్ తప్పదు. పాదాల కింద చిన్న పీట వేసుకుంటే కొంత మేలు.

చేతిలో ఫోన్ ఉంటే ఈ సెకన్లు నిమిషాలవుతాయి. 2025లో అమెరికాలో 125 మందిపై జరిగిన అధ్యయనంలో 66 శాతం మంది మరుగుదొడ్డిలో ఫోన్ వాడుతున్నామన్నారు. వారికి మొలల అవకాశం 46 శాతం ఎక్కువగా కనిపించింది. ఫోనే కారణమని దీనితో తేలిపోదు. అయితే ఆధారం లేకుండా ఎక్కువసేపు కూర్చుంటే ఆసనం వద్ద రక్తనాళాలపై ఒత్తిడి పెరుగుతుందన్నది వైద్యుల వివరణ.

ఈ అలవాట్ల చర్చ అంతా మరుగుదొడ్డి అందుబాటులో ఉన్నవారి గురించే. మధ్యాహ్నం దాకా నీళ్ళసీసా మూత తీయని విద్యార్థినులను నా తరగతిలో చూశాను. కారణం అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఒక అమ్మాయి మాత్రం గొళ్ళెం లేని తలుపు సంగతి చెప్పింది. నీరు తాగకపోవడం, వేగాన్ని ఆపుకోవడం రెండూ కలిసి అదే మలబద్ధకానికి దారి వేస్తాయి.

చిన్నపిల్లల స్థితి మరింత సున్నితం. రెండు వేళ్ళు చూపిన పిల్లవాణ్ణి చూసి తరగతి నవ్వుతుంది. ఆ నవ్వుకు జంకి వాడు ఇంటికి వెళ్ళేదాకా బిగబట్టుకుంటాడు. ఒకసారి గట్టిమలం వల్ల నొప్పి కలిగితే, ఆ భయంతో మళ్ళీ ఆపుకుంటాడు. పేరుకున్న మలం పక్కనుంచి పలుచని మలం కారి బట్టలు పాడైతే, పెద్దలు దాన్ని విరేచనాలనుకుని అందుకు మందు వేస్తారు. అసలు సమస్య మలబద్ధకం గనుక అది మరింత ముదురుతుంది. అటువంటి పిల్లలకు కావలసింది వైద్యుని సలహా, భోజనం తరువాత తొందరపెట్టకుండా కూర్చోబెట్టడం, అడిగిన వెంటనే బయటికి పంపే ఉపాధ్యాయుడు.