‘ఏదో ఒక డిగ్రీ’ అనకండి!

ఇంటర్ ఫలితాలు, ఆ వెనకే నీట్ ర్యాంకులు వచ్చాయంటే తిరుపతిలో మా వీధి తల్లులకు నేను గుర్తొస్తాను. ఒకప్పుడు బీజెడ్‌సీ చదివినదాన్ని కదా! “పాపకు మెడిసిన్ సీటు రాలేదక్కా. ఏదో ఒక డిగ్రీలో చేర్చేస్తాం. ఏది పెట్టమంటావు?” అంటారు. పక్కన ఆ పిల్ల తల వంచుకుని నిలబడి ఉంటుంది. ఆ ‘ఏదో ఒక’ దగ్గరే నాకు పేచీ.

మా రోజుల్లో ఎంచుకోవడానికి ఏముంది గనుక! బైపీసీ అయ్యాక బీజెడ్‌సీ. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ కలిసే వచ్చేవి. 2023-24లో మన రాష్ట్రంలో ఆ పద్ధతి మార్చి, ఒక సబ్జెక్టు మేజరుగా, రెండో సెమిస్టర్ నుంచి ఇంకొకటి మైనరుగా పెట్టారు. జువాలజీ తీసుకున్న అమ్మాయికి కెమిస్ట్రీ దానంతట అది రాకుండా పోయింది, కోరి తీసుకోవాల్సి వచ్చింది. రూల్స్ తరచూ మారుతుంటాయి, ఏ ఏడాదికి ఆ ఏడాది కాలేజీలోనే అడగండి. కానీ ఏ పద్ధతిలోనైనా మేజరు పక్కన ఏ సబ్జెక్టు ఉందన్నది చిన్న విషయం కాదు.

ఎందుకంటారా? బయాలజీ టీచరు కావాలనుకుందనుకోండి. డీఎస్సీ నోటిఫికేషన్‌లో డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివి ఉండాలో రాసి ఉంటుంది. జువాలజీకి బోటనీ తోడైతే అక్కడ పనికొస్తుంది. బయోకెమిస్ట్రీ పీజీకి వెళ్ళాలంటే చాలాచోట్ల కెమిస్ట్రీ చదివావా అని చూస్తారు. అందుకే నేను తల్లులకు చెప్పేది ఒకటే: ముందు కాలేజీ కరపత్రం కాదు, పాత నోటిఫికేషన్ తీసి పాపతో కూర్చుని చదవండి. చివర ఏం కావాలో తెలిస్తే మొదట ఏం తీసుకోవాలో తెలుస్తుంది.

ఆ 2023 సిలబస్‌లో నాకు నచ్చింది మొదటి సెమిస్టరే. బయాలజీ పిల్లలందరికీ రెండు పేపర్లు. ఒకదాంట్లో మొక్కలు, జంతువులు, కణం, జన్యువులు, కాస్త కెమిస్ట్రీ. రెండోదాంట్లో సూక్ష్మజీవులు, బయోటెక్నాలజీ, చివర బయోస్టాటిస్టిక్స్. లెక్కలంటే భయపడి బైపీసీలోకి పారిపోయిన వాళ్ళను ఆ లెక్కలు అక్కడికీ వెతుక్కుంటూ వచ్చాయన్నమాట! ఇలా అన్నీ కాస్త కాస్త రుచి చూపించే పేపర్లుంటే మైనరు ఎంచుకోవడానికి అంతకంటే మంచి అవకాశం ఏముంది? ఏ చాప్టరు చదువుతుంటే పాప టైము మర్చిపోతోందో తల్లి కంటికి ఇట్టే తెలుస్తుంది.

“కప్పల్ని కోయలేను పిన్నీ” అంటూ జువాలజీ వద్దనే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయం అక్కర్లేదు. జంతువుల కోతలు ఆపమని యూజీసీ 2014లోనే చెప్పింది. ఇక బోటనీ అంటే ఆకులూ రెమ్మలేగా అని తీసిపారేసేవాళ్ళు ఒక్కసారి మన శేషాచలం వైపు చూడాలి. ఎర్రచందనం సరే, ఈ కొండల్లో తప్ప బయట అరుదుగా కనిపించే పెరిత చెట్టు ఉంది. తిరుమల బండల మధ్య బంగారు బల్లి ఉంది. ఈ అడవుల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసిపోయే అడవి మన పెరట్లో ఉంటే మనమేమో అలిపిరి మెట్లెక్కి దండం పెట్టుకుని దిగొచ్చేస్తాం!

1952లో టీటీడీ పెట్టిన పద్మావతి మహిళా కాలేజీ ఊళ్ళోనే ఉంది. బాగా చదివే పిల్లయితే ఏర్పేడు దగ్గర ఐసర్ కూడా ఉంది. 2015లో మొదలైంది. బైపీసీ వాళ్ళూ దాని ప్రవేశ పరీక్ష రాయొచ్చు. అయితే చేరాక మాథ్స్, ఫిజిక్స్ కూడా చదవాలి, అది తెలుసుకునే వెళ్ళాలి.

ఇంట్లో “ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ పెట్టిద్దాం” అనే పెద్దలుంటారు. పిల్ల తనంతట తాను కావాలంటే సరే. లేదంటే ఆ నిర్ణయం తిరుగుతూ ఉండగానే అడ్మిషన్ల గడువు దాటిపోతుంది, మంచి కాంబినేషన్లు ముందే నిండిపోతాయి.

చేర్చే రోజున ఫీజు కౌంటర్ దగ్గరే ఆగిపోకండి. ల్యాబ్ చూపించమనండి. ఎన్ని మైక్రోస్కోపులున్నాయి, వారానికి ఎన్ని ప్రాక్టికల్స్ జరుగుతాయి, ఈ మేజరుతో ఏ మైనర్లు నిజంగా చెబుతున్నారు అని అడగండి. అడిగేది మీరు కాదు, పాపనే అడగనివ్వండి.