చదువుకుంటూ కారు డిటైలింగ్ – బరంపురంలో మొదలుపెట్టడం ఎలా?

స్కాలర్‌షిప్పు కాలేజీ ఫీజుకు సరిపోయినా పుస్తకాలకు, హాస్టలుకు, రోజువారీ బస్సు ఖర్చుకు చాలడం లేదన్న మాట మన ఇళ్లలో కొత్తది కాదు. ఇల్లు ఇబ్బందిలో పడినప్పుడు గంజాం జిల్లాలో ముందుగా వినిపించే ఊరి పేరు సూరత్. పవర్‌లూమ్ పనికి రైలెక్కిన పిల్లవాడు మళ్లీ వచ్చి కాలేజీలో కూర్చోవడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అందుకని, ఊరు విడవకుండా, క్లాసులు మానకుండా, ఆదివారాల్లో చేసుకోదగిన ఒక పనిని గురించి ఈసారి వివరంగా తెలియజేస్తున్నాము. అది కారు డిటైలింగ్.

పేరు కొత్తగా ఉన్నా పని తెలిసినదే. మనం "వాటర్ సర్వీసింగ్" అనేది కారుకు నీళ్లు కొట్టి, నురగ పట్టించి, తుడిచి పంపే పని. దానికి ర్యాంపు, మోటారు, స్థలం కావాలి. అరగంటలో ఒక కారు అయిపోవాలి, లేకపోతే గిట్టదు. డిటైలింగ్ అంటే అదే కారును రెండు మూడు గంటలు నిదానంగా, లోపలా బయటా, సీటు సందుల నుంచి డోరు మడత దాకా శుభ్రం చేసి, పెయింటుకు రక్షణ పూత వేయడం. దీనికి స్థలం అక్కరలేదు, కారు ఉన్నవారి ఇంటి ముందరే చేయవచ్చు. యంత్రాల కంటే ఓపిక, చేతి నేర్పు ముఖ్యం. చదువుకునే పిల్లలకు ఈ పని అనుకూలమని మేము అనడానికి కారణం అదే.

"ఇంత చదివించి కార్లు కడగమంటారా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. అప్పడాలు వత్తి, ఊరగాయలు పెట్టి, మగ్గం మీద పట్టు నేసి పిల్లలను చదివించిన ఊరు మనది. మన బరంపురం ప్రభుత్వ ఐటీఐలో పాత ఇనుప సామాను నుంచి తయారుచేసిన బొమ్మలను చూసినవారు చేతిపనిని తక్కువగా మాట్లాడరు. అయితే తల్లిదండ్రుల భయంలో ఒక నిజం లేకపోలేదు. డబ్బు చేతికి రావడం మొదలైతే చదువు మీద ధ్యాస తగ్గే ప్రమాదం ఉంది. దాని సంగతి చివర చూద్దాం.

మన ఇసుక సంగతి

ఈ పనిలో మొదట నేర్చుకోవలసినది గీత పడకుండా శుభ్రం చేయడం. మెరిపించడం తర్వాత సంగతి. ఇది మన ప్రాంతంలో మరీ ముఖ్యం, ఎందుకో చెబుతాము.

సెలవు రోజున బరంపురం కార్లు చాలా వరకు వెళ్లేది గోపాల్‌పూర్ బీచికి. తిరిగి వచ్చేటప్పుడు టైర్ల మీద, తలుపుల కింద, మ్యాట్ల మీద ఇసుక తెచ్చుకుంటాయి. ఆ ఇసుక మామూలు ఇసుక కాదు. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ మన తీరపు ఇసుక నుంచే ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, సిలిమనైట్, గార్నెట్ అనే ఖనిజాలను వేరుచేస్తున్నది. వీటిలో గార్నెట్ చాలా గట్టి రాయి. వడ్రంగులు కొయ్యను నున్నగా చేయడానికి వాడే ఉప్పుకాగితం, అదే సాండ్‌పేపరు, తయారీలో దానిని వాడతారు. అంటే బీచి నుంచి వచ్చిన కారును పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే.

కారు పెయింటు ఎంత పలచనో తెలిస్తే ఈ మాట బాగా అర్థమవుతుంది. ఇప్పటి కార్లకు రంగు పైన "క్లియర్ కోట్" అనే పారదర్శకమైన పొర ఉంటుంది. మెరుపంతా దానిదే. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే తక్కువ. నల్ల కారును ఎండలో నిలబెట్టి చూడండి, సూర్యుడి చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు కనిపిస్తాయి. అవి ఎవరో కావాలని గీసినవి కావు. రోజూ ఉదయాన్నే ఒకే బకెట్టు, ఒకే పాతగుడ్డతో డ్రైవరు తుడిచిన తుడుపుల గుర్తులు. వాటిని పోగొట్టాలంటే పాలిష్‌తో ఆ పొరనే కొద్దిగా అరగదీయాలి. అరిగినది తిరిగి రాదు. కాబట్టి పాలిష్ పట్టడం గొప్ప కాదు, పాలిష్ అవసరం లేకుండా కడగడమే గొప్ప.

కడిగే పద్ధతి ఇది. కారును నీడలో పెట్టించాలి, బానెట్ మీద చేయి పెడితే వేడి తగలకూడదు. ముందుగా గుడ్డ తాకించకుండా నీళ్లతో ఇసుక, దుమ్ము జారిపోయేలా తడపాలి. చక్రాలను ముందే వేరే బ్రష్షుతో, వేరే గుడ్డతో కడిగేయాలి, ఆ గుడ్డ మళ్లీ ఒంటి మీదికి రాకూడదు. తర్వాత రెండు బకెట్లు. ఒకదానిలో కార్ షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో వట్టి నీరు. మైక్రోఫైబర్ మిట్‌ను షాంపూలో ముంచి పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. ఒక భాగం అయిన ప్రతిసారీ మిట్‌ను వట్టి నీటి బకెట్టులో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. పని అయ్యాక వట్టి నీటి బకెట్టు అడుగున చేయి పెట్టి చూడండి, గరుకుగా ఇసుక తగులుతుంది. ఒకే బకెట్టుతో కడిగితే ఆ ఇసుకంతా కారు మీదనే తిరిగి ఉండేది.

గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వాడరాదు. అవి జిడ్డుతోపాటు మైనపు పూతను కూడా తీసేస్తాయి.

ఈ పద్ధతికి మరొక లాభం ఉంది. ఎండాకాలంలో మన ఊరి నీటి ఇబ్బంది అందరికీ తెలిసినదే. పైపు తెరిచి కడిగితే నిమిషానికి పది, పదిహేను లీటర్లు పోతాయి. బకెట్లతో, ముందు తడపడానికి చేతి పంపు స్ప్రేయరుతో చేస్తే మొత్తం నలభై, యాభై లీటర్లలో కారు అయిపోతుంది. అపార్టుమెంటు వాచ్‌మన్ మిమ్మల్ని గేటు దగ్గర ఆపకుండా ఉండాలంటే ఈ ఒక్క మాట చెప్పండి చాలు. బోరు నీరు అయితే ఆరనివ్వకుండా వెంటనే మెత్తని ఆరబెట్టే తువ్వాలుతో అద్దుకోవాలి. లేకపోతే నీటిలోని సున్నం తెల్లని చుక్కలుగా దిగి అద్దాల మీద ఉండిపోతుంది.

సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును తింటుంది. కారు అడుగుభాగాన్ని, చక్రాల పైన ఉండే గూళ్లను మంచినీటితో కడగమని బీచికి తరచుగా వెళ్లేవారికి చెప్పండి. ఇది మామూలు వాటర్ సర్వీసింగులో చాలాసార్లు వదిలేసే చోటు.

మొదట లోపలి పని

కొత్తవారు మొదటి రెండు మూడు నెలలు కారు లోపలి పనే చేయాలని మా సలహా. బయటి పెయింటు మీద తప్పు జరిగితే నష్టం వేలల్లో ఉంటుంది. లోపల జాగ్రత్తగా చేస్తే అంత ప్రమాదం లేదు. పైగా మన దగ్గర వానాకాలంలో తడి చెప్పులు, తడి మ్యాట్లు, మూసిన అద్దాలు కలిసి కారులో ముక్క వాసన, సీట్ల మీద బూజు పుట్టిస్తాయి. జూలై నుంచి దీపావళి దాకా ఈ పనికి గిరాకీ ఉంటుంది.

మ్యాట్లు బయటికి తీసి దులిపి, వ్యాక్యూమ్‌తో ముందు పైనుంచి కిందికి, తర్వాత సీటు పట్టాల సందుల్లో దుమ్ము లాగాలి. ఏసీ రంధ్రాలకు మెత్తని పెయింటు బ్రష్షు బాగా పనికి వస్తుంది. క్లీనర్‌ను డబ్బా మీద రాసినంత పలచన చేసి, గుడ్డ మీద చల్లి తుడవాలి. స్విచ్చుల మీద, స్క్రీను మీద నేరుగా చల్లరాదు. సీటు బట్టను ఎక్కువగా తడిపితే లోపలి స్పాంజి ఆరక, ఉన్న వాసన పోయి కొత్త వాసన వస్తుంది. తడిపినంత తడినీ వెట్ వ్యాక్యూమ్‌తో లాగి, తలుపులు తెరిచి గాలికి ఆరనివ్వాలి. డ్యాష్‌బోర్డుకు జిడ్డుగా మెరిసే పూత చాలామంది అడుగుతారు. అది ఎండలో ముందు అద్దంలో ప్రతిఫలించి డ్రైవరు కంటికి అడ్డువస్తుంది. మెరుపు లేని పూతే మేలని నచ్చజెప్పండి. స్టీరింగుకు, పెడల్స్‌కు ఏ పూతా వేయరాదు.

క్లే బార్, వ్యాక్స్ ఆ తర్వాత నేర్చుకోవాలి. మెషీన్ పాలిష్‌ను పాత బానెట్ ఒకటి డెంటింగ్ షెడ్డులో అడిగి తెచ్చుకుని దాని మీద నేర్చుకోండి, ఎవరి కారు మీదా కాదు. సిరామిక్ కోటింగ్ జోలికి మొదటి సంవత్సరం పోవద్దు. పూత కింద మిగిలిన గీతలు పూతతోపాటు ఉండిపోతాయి, తీయాలంటే మళ్లీ పాలిషే.

లెక్క

మొదటి సామాను: మూతలున్న రెండు బకెట్లు, మిట్ ఒకటి, మైక్రోఫైబర్ గుడ్డలు ఒక డజను, ఆరబెట్టే తువ్వాలు ఒకటి, రెండు మూడు రకాల బ్రష్షులు, స్ప్రేయరు, షాంపూ, లోపలి క్లీనర్, చేతి తొడుగులు, చిన్న వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్. బ్రాండును బట్టి ధర మారుతుంది గానీ పదకొండు, పన్నెండు వేలలో మొదలుపెట్టవచ్చు. వ్యాక్యూమ్‌కే అందులో సగం దాకా పోతుంది. ఇద్దరు స్నేహితులు కలిస్తే తలకు ఆరు వేలు.

ఉదాహరణకు ఆదివారానికి రెండు కార్లు, నెలకు ఎనిమిది అనుకుందాం. కారుకు 700 రూపాయలు తీసుకుంటే 5,600 వస్తుంది. షాంపూ, క్లీనర్ కారుకు 80 చొప్పున 640, పెట్రోలు 400, గుడ్డలు, వ్యాక్యూమ్ అరుగుదల కింద పక్కన పెట్టవలసినది 500. మిగిలేది 4,060. కారుకు మూడు గంటల చొప్పున 24 గంటలు పని చేశారు, గంటకు సుమారు 170 రూపాయలు పడింది. చాలామంది అరుగుదల సొమ్ము పక్కన పెట్టరు. ఏడాది తిరిగేసరికి వ్యాక్యూమ్ చెడిపోయి పని ఆగిపోయేది అక్కడే.

మొదలుపెట్టడానికి అప్పు చేయవద్దు. పని నిలదొక్కుకుని, చదువు పూర్తయి, షెడ్డు పెట్టాలనుకున్నప్పుడు 2015లో ప్రారంభమైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా బ్యాంకులో అడగవచ్చు. దానికి ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించుకోండి. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఈ నమోదు ఆధార్‌తో ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా జరుగుతుంది, డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. సేవల మీద ఏడాదికి 20 లక్షల రాబడి దాటేవరకు మామూలుగా జీఎస్టీ నమోదు అక్కరలేదు, కాబట్టి విద్యార్థులు దాని గురించి కంగారు పడనవసరం లేదు.

కారు యజమానితో

మొదటి కార్లు తెలిసినవారివే దొరుకుతాయి. కోర్టుపేటలో మామయ్యగారిది, గాంధీనగర్‌లో నాన్నగారి స్నేహితుడిది. తెలిసినవారే గదా అని మాట పట్టింపు లేకుండా పోవద్దు. పని ముట్టుకునే ముందు యజమానితో కలిసి కారు చుట్టూ తిరగండి. ఉన్న గీతలు, సొట్టలు ఫోనులో ఫొటో తీసి అప్పటికప్పుడే ఆయనకు పంపండి. "బాబూ, ఈ గీత నిన్న లేదే" అన్న మాటకు తర్వాత జవాబు చెప్పడం కష్టం. లోపల ఉన్న చిల్లర, కాగితాలు, గాగుల్స్ ఆయన చేతనే తీయించండి. సీటు కింద ఏది దొరికినా పిలిచి చేతికి ఇవ్వండి.

కారును మీరు నడపవద్దు. లైసెన్సు ఉన్నా సరే, నీడలోకి జరపాలంటే యజమానినే జరపమనండి. ఇంజను గదిలోకి నీళ్లు కొట్టవద్దు. వ్యాక్యూమ్ ఎక్స్‌టెన్షన్ బోర్డును తడి నేల మీద పెట్టవద్దు, తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు. తుడిచేటప్పుడు గుడ్డకు కారు రంగు అంటితే అది క్లియర్ కోట్ లేని పాత రకం పెయింటో, తిరిగి వేయించినదో అయి ఉంటుంది. అక్కడితో రుద్దడం ఆపి యజమానికి చూపించండి. మురికి నీటిని పక్కింటి గుమ్మం ముందుకు వదలకండి.

తల్లిదండ్రులకు

ప్లస్ టూ పిల్లలను ఇంట్లోని బండి మీదనే నేర్చుకోనివ్వండి. బయటి కార్లు పద్దెనిమిది నిండాక, ప్లస్ త్రీలో చేరాక చాలు. వారానికి రెండు కార్లు దాటనివ్వవద్దు. ఒక నోటుబుక్కులో తేదీ, కారు, తీసుకున్న సొమ్ము, ఖర్చు రాయించి నెలకొకసారి చూడండి. సొమ్ము పిల్లల పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే వేయించండి, ఫీజు గడువు నాటికి అక్కడ ఉంటుంది. సెమిస్టరు పరీక్షలకు నెల ముందు పని పూర్తిగా ఆపించాలి. ఆ సంగతి కార్లు ఇచ్చేవారికి మొదటి రోజే చెప్పి పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. పరీక్షలు అయ్యాక ఫోను చేసి తేదీ అడిగితే, ఈలోగా పట్టిన దుమ్ము చూసి వారే రమ్మంటారు.