ఆ ఏడాది రికార్డులే వేరు!

1975 జనవరి 24. జర్మనీలోని కొలోన్ నగరం. ఒపేరా హౌస్‌లో రాత్రి 11.30కి కచేరీ. 1400 సీట్లూ నిండిపోయాయి. ఏర్పాట్లన్నీ చూసుకుంటున్నది వెరా బ్రాండెస్... పట్టుమని 18 ఏళ్ల అమ్మాయి. వాయించాల్సింది అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్. ఆయన ముందుగా వచ్చి వేదిక మీదున్న పియానో మెట్లు కొన్ని నొక్కి చూశాడు. ‘ఇది మారిస్తేగానీ వాయించను’ అనేశాడు!

కారణం ఉంది మరి. ఆయన అడిగింది బోసెండోర్ఫర్ కంపెనీ వారి అతి పెద్ద పియానో. సిబ్బంది పొరపాటున తెచ్చిపెట్టింది రిహార్సల్స్‌కి వాడే చిన్నది. శ్రుతి తప్పింది. తారస్థాయిలో రేకుడబ్బా మోత. మంద్రంలో పస లేదు. పెడల్స్ సరిగా పనిచేయవు. వేరేది తెద్దామంటే బయట వాన. ఆ వానలో పియానోని వీధుల్లో లాక్కొస్తే అదీ పాడవుతుంది.

జారెట్ వెళ్లి కారులో కూర్చున్నాడు. అసలే నడుంనొప్పి, పైగా నిద్రలేదు. వెరా వానలో తడుస్తూ కారు దగ్గరికెళ్లి బతిమాలింది. ఆ పిల్లని చూసి ఆయన మెత్తబడ్డాడు. శ్రుతి చేసేవాళ్లు కొన్ని గంటలు కుస్తీ పట్టి పియానోని ఓ దారికి తెచ్చారు. రికార్డింగ్ సరంజామా ఎలాగూ సిద్ధంగా ఉంది కదా అని మైకులు ఆన్ చేశారు.

అసలు కథ అక్కడ మొదలైంది. జారెట్ ముందే రాసుకున్నది దాదాపుగా ఏమీ లేదు. దాదాపు అంతా అప్పటికప్పుడు పుట్టిందే. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అలాంటిది... కాకపోతే ఇక్కడ రాగమనే కంచె కూడా లేదు. పైమెట్లు పలకవు కాబట్టి ఎక్కువగా మధ్యస్థాయిలోనే తిరిగాడు. మంద్రం బలహీనం కాబట్టి ఎడమచేత్తో ఒకే లయని మళ్లీమళ్లీ, గట్టిగా మోగించాడు. వింటుంటే మధ్యలో ఆయన మూలుగులూ కాలితో తాళం వేస్తున్న చప్పుడూ వినిపిస్తాయి. మొదటి భాగమే 26 నిమిషాలు. మంచి పియానో దొరికుంటే ఇలా వాయించేవాడా? బహుశా కాదు.

ఈసీఎం సంస్థ దాన్ని ఆ ఏడాది చివర్లో ‘ద కొలోన్ కన్సర్ట్’ పేరుతో రెండు ఎల్పీలుగా విడుదల చేసింది. దాదాపు 40 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. సోలో పియానో ఆల్బమ్స్‌లో దాన్ని మించింది లేదంటారు. 2018లో జారెట్‌కి రెండుసార్లు పక్షవాతం వచ్చింది. పోయింది ఆ ఎడమచెయ్యే.

ఆ ఏడాదే జూన్ 5న లండన్‌లోని యాబీ రోడ్ స్టూడియోలో ‘పింక్ ఫ్లాయిడ్’ రాక్ బృందం కొత్త ఆల్బమ్ పనిలో ఉంది. గుండూ, గీసేసిన కనుబొమ్మలూ, లావుపాటి శరీరంతో ఎవరో లోపలికొచ్చారు. ఎవరూ పోల్చుకోలేదు. ఆయన... సిడ్ బారెట్! ఆ బృందాన్ని మొదట్లో నడిపించినవాడు, మనసు చెదిరి 1968లో దూరమైనవాడు. స్నేహితులు అతని గురించే పాట కట్టుకుంటున్న వేళ అతనే వచ్చి నిలబడ్డాడు. సెప్టెంబర్‌లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు ‘విష్ యూ వర్ హియర్’.

మనవాళ్లూ ఖాళీగా లేరు. జులై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ కాలేజీలో జాన్ మెక్లాఫ్లిన్ గిటార్ పక్కన ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, ఆర్.రాఘవన్ మృదంగం జతకట్టాయి. అది మరుసటి ఏడాది ‘శక్తి’ పేరుతో ఎల్పీగా వచ్చింది.

అదే నెలలో లండన్ లైసియంలో బాబ్ మార్లే రెగే కచేరీ. అంతకుముందు ఏడాది స్టూడియోలో డ్రమ్ మెషీన్‌తో చేసినప్పుడు చప్పగా అనిపించిన ‘నో వుమన్ నో క్రై’, జనం గొంతు కలిపేసరికి ఇంకో పాటైపోయింది. ఆ కచేరీయే ‘లైవ్!’ ఆల్బమ్. ఇప్పటికీ ఎక్కువమందికి తెలిసింది ఆ రూపమే.

ఆ పాట రాసినవారిగా రికార్డు మీద మార్లే పేరుండదు. విన్సెంట్ ఫోర్డ్ అని ఉంటుంది. జమైకాలోని కింగ్‌స్టన్ మురికివాడ ట్రెంచ్‌టౌన్‌లో ఆకలిగొన్నవాళ్లకి వండిపెట్టేవాడాయన. మధుమేహంతో కాళ్లు పోగొట్టుకున్నాడు. రాసింది మార్లేయే అనేవాళ్లున్నారు. కోర్టు గొడవలూ జరిగాయి. ఏదైతేనేం... 2008లో కన్నుమూసేదాకా ఫోర్డ్‌కి రాయల్టీ అందుతూనే ఉంది. వంటింట్లో పొయ్యి ఆ డబ్బుతోనే వెలిగిందని చెబుతారు.